మూడంతస్తుల టీ, మూడు లాంతర్ల టీ

మధ్యాహ్నం నాలుగింటికి మనిషికొచ్చే నీరసాన్ని మన పెద్దలు ఎందుకో పట్టించుకోలేదు. బ్రాహ్మీ ముహూర్తంలో ఏం చెయ్యాలో చెప్పారు, సంధ్య వేళ ఏం చెయ్యకూడదో చెప్పారు, నాలుగు గంటలను మాత్రం గాలికొదిలేశారు. ఆ లోటు తీర్చిన మహాతల్లి ఇంగ్లండులో పుట్టింది. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా అనే పెద్దింటి దొరసానికి పగటి భోజనానికీ, పొద్దుపోయాక తినే రాత్రి భోజనానికీ మధ్య ప్రాణం జావగారిపోతున్నట్టు ఉండేదట. గదిలోకి టీ, కాస్త బ్రెడ్డూ వెన్నా తెప్పించుకున్నారు. తర్వాత స్నేహితురాళ్లను కూడా పిలిచారు. దాంతో ఆ నీరసానికి హోదా వచ్చేసింది. సరిగ్గా అదే నీరసం మా విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర ప్రతి గుమస్తాకీ రోజూ వస్తుంది. మా వాళ్లకు జమీందారీలు లేవు గనక దాన్ని బద్ధకం అంటారు.

ఈ వివక్ష మూలాలేమిటో తేల్చుకుందామని గత ఏడాది రెండు మహానగరాల్లో నక్షత్రాల హోటళ్లు రెంటికి వెళ్లి మధ్యాహ్నపు టీ తాగి వచ్చాను. హోటళ్ల పేర్లు చెప్పను. ఈ విషయంలో నా అర్హతలంటారా, ముప్పై ఏళ్లుగా మూడు లాంతర్ల దగ్గర ఒకే కొట్టులో, ఒకే బల్ల మీద, కుంటి కాలున్న వైపు కూర్చుని రోజుకు రెండు టీలు తాగుతున్నాను. డాక్టరేట్లు ఇంతకన్నా తక్కువ శ్రమకే ఇస్తున్నారు.

మొదటిది విశాఖలో సముద్రం ఒడ్డున. దీని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. ఏసీకి టీ చల్లారిపోయింది, సముద్రం అద్దం అవతల ఉండిపోయింది. పక్క టేబులు వాళ్లు మూడంతస్తుల పళ్లేల గూటిని ఇరవై నిమిషాల పాటు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, తర్వాత దాన్ని ముట్టుకోవడానికి ఒకళ్లనొకళ్లు బతిమాలుకున్నారు.

అసలు పరిశోధన హైదరాబాదులో జరిగింది. అక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా మేనల్లుడు "హై టీకి వెళ్దాం మావయ్యా, ఓసారి చూడాలి నువ్వు" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. కుర్రాడొకడు వంగి మెనూ ఇచ్చాడు. అందులో పదహారు రకాల టీలున్నాయి. మా కొట్టులో ఉన్నవి రెండు రకాలు, టీ, అల్లం టీ. బెల్లం టీ మొన్నే వచ్చింది గానీ దాన్ని ఇంకా మనలో కలుపుకోలేదు. మేనల్లుడు ఎర్ల్ గ్రే చెప్పుకున్నాడు. బెర్గమాట్ అనే ఒక జాతి నారింజ తొక్క నూనె పట్టించిన టీ అది. వాసన చూస్తే పెళ్లిలో పన్నీరు చల్లించుకున్నట్టుంది. నేను డార్జిలింగ్ అన్నాను, పేరు తెలుసు కదా అని.

టీతో పాటు మూడు ఇసుక గొట్టాలున్న చిన్న గడియారం తెచ్చి పెట్టాడు. లేత టీకి మూడు నిమిషాలు, మధ్యరకానికి నాలుగు, ఘాటుగా కావాలంటే అయిదు. ముగ్గురు పెద్దమనుషుల పంచాయితీలా ఆ మూడు గొట్టాలూ ఇసుక రాలుస్తుంటే నేనూ మా మేనల్లుడూ ఊపిరి బిగబట్టి చూశాం. మా టీ మాస్టరు పొయ్యికి వీపు తిప్పి ఎవరితోనో కరెంటు బిల్లు గురించి మాట్లాడుతూ ఉంటాడు. గిన్నెలో టీ పొంగి అంచు దాటబోయే క్షణాన, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి మంట తగ్గిస్తాడు. ఆయన దగ్గర ఇసుక ఏమైనా ఉంటే అది ఎదురుగా కడుతున్న మేడది.

అయిదు నిమిషాలూ ఆగాక కప్పులోకి వచ్చింది ధనియాల కషాయం రంగు. "కొంచెం పాలు?" అన్నాను. కుర్రాడి ముఖంలో నేనేదో గుడిలోకి చెప్పులతో వచ్చినట్టు ఒక బాధ. "డార్జిలింగ్‌లో పాలు పొయ్యరు సార్" అన్నాడు మెల్లిగా, పక్క టేబులుకు వినపడకుండా, నా పరువు కాపాడుతూ.

ఇప్పుడు గూటి సంగతి. అడుగంతస్తులో శాండ్‌విచ్‌లు, నడిమి అంతస్తులో స్కోన్లనే బన్నుల్లాంటివి, పైన మిఠాయిలు. కింద నుంచి పైకి తింటూ ఎక్కాలిట. శాండ్‌విచ్ అంటే అంచులు కోసేసిన తెల్ల బ్రెడ్డు, మధ్యలో అవతలి మనిషి కనిపించేంత పల్చగా తరిగిన కీరదోస. మీరెక్కడ పెరిగారో తెలీదు గానీ మా ఇంట్లో బ్రెడ్డు ఇంటికొచ్చిందంటే ఎవరికో జ్వరం వచ్చినట్టే. పాలలో ముంచి, చెంచాతో పెట్టి, నుదురు మీద చెయ్యి వేసి చూసేవాళ్లు. నలభై ఏళ్ల తర్వాత ఒళ్లు చల్లగా ఉండగా, పైగా డబ్బులిచ్చి పథ్యం తిన్నాను. కోసేసిన ఆ అంచులు ఎవరు తింటారని కుర్రాణ్ణి అడిగాను. చెఫ్‌ని కనుక్కుంటానని వెళ్లాడు, మరి రాలేదు.

స్కోన్ల దగ్గర మేనల్లుడు నాకు చరిత్ర చెప్పాడు. ఇంగ్లండులో డెవన్ వాళ్లు దాని మీద ముందు మీగడ రాసి పైన జామ్ పెడతారట, కార్న్‌వాల్ వాళ్లు ముందు జామ్ రాసి పైన మీగడ. దీని మీద ఆ రెండు ప్రాంతాలకూ మాటామాటా నడుస్తుందట. ఇది విన్నాక మాత్రం ఇంగ్లీషు వాళ్ల మీద నాకు మొదటిసారి ఆత్మీయత కలిగింది. ముద్దపప్పు అన్నంలో ఆవకాయ ముందా, నెయ్యి ముందా అని మా పెద్దన్నయ్యా చిన్నన్నయ్యా ఇప్పటికీ పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చోరు.

ఒక మూల ఒకాయన వయొలిన్ మీద సినిమా పాటలు వాయిస్తున్నాడు. ఎవరూ వినడం లేదు. మాది 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కమాను పట్టిన ఊరు. మా దగ్గర బజారులో ఎవరైనా ఫిడేలు ముట్టుకుంటే టీ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టి "శ్రుతి తగ్గింది" అంటాడు. వాడికి సంగీతం వచ్చా రాదా అనేది వేరే సంగతి.

ఇక మెనూ మీద బంగారు అక్షరాలతో అచ్చేసిన 'హై టీ' అన్న మాట. ఇంటికొచ్చాక దీని కూపీ లాగాను. డచెస్ గారు తాగింది ఆఫ్టర్‌నూన్ టీ. హై టీ అన్నది మిల్లుల్లోనూ గనుల్లోనూ పనిచేసి సాయంత్రం ఇల్లు చేరిన కూలీ జనం తిండి. సోఫా పక్కన పొట్టి బల్ల మీద కాకుండా భోజనాల ఎత్తు బల్ల మీద, టీతో పాటు రొట్టె, మాంసం, ఉన్నదేదో పెట్టుకుని కడుపు నింపుకునేవాళ్లు. ఆ ఎత్తు బల్ల వల్లే ఆ పేరని చెబుతారు. ఈ లెక్కన నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు దిగి, సైకిలు గోడకు ఆనించి, నాలుగు పునుగులూ ఒక బన్నూ తిని, మీద టీ తాగినవాడే హై టీ తాగినవాడు. మా నక్షత్రాల హోటలు కూలీ తిండి పేరు పెట్టి, డచెస్సు తిండి వడ్డించి, మహారాజు దగ్గర వసూలు చేసినట్టు బిల్లు వేసింది.

బిల్లు చెప్తాను. మనిషికి 1,800 చొప్పున ఇద్దరికి 3,600. సర్వీసు చార్జి పది శాతం, 360. మొత్తం మీద పద్దెనిమిది శాతం పన్ను. వెరసి 4,672 రూపాయల 80 పైసలు. సర్వీసు చార్జి బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది కదా, తీసెయ్యమందామా అన్నాను. "అడగొచ్చు మావయ్యా, కానీ బాగోదు" అన్నాడు మేనల్లుడు. ఆ బాగోదు ఖరీదు 360 రూపాయలు, బాగోదు మీద పన్ను 64 రూపాయల 80 పైసలు. వాడు కార్డు తీయబోతే పెద్దవాణ్ణి నేనుండగా నువ్వేంట్రా అని చెయ్యి పట్టుకుని ఆపాను. వాడు ఇంకొంచెం గట్టిగా లాక్కుంటాడనుకున్నాను.

మా కొట్టులో టీ పది రూపాయలు. ఆ బిల్లుకు 467 టీలొస్తాయి. రోజుకు రెండు చొప్పున భోగి నాడు మొదలుపెడితే ఇంచుమించు వినాయక చవితి దాకా లాగొచ్చు. తెల్లవాడి కాలంలో మన తాతలకు టీ అలవాటు చెయ్యడానికి సంతల్లో, స్టేషన్లలో ఊరికే పోసి తాగించారు. తాగమని ప్రచారం చెయ్యడానికి 1903లో చట్టం చేసి టీ మీద సెస్సు కూడా వేశారు. తాతలకు ఊరికే పోసిన దాని బాకీ మనవడి దగ్గర వడ్డీతో సహా రాబట్టుకున్నారని నా అనుమానం.

అన్ని కోణాల్లోనూ బేరీజు వేస్తే ఒక సౌకర్యంలో మాత్రం మా కొట్టుకు పోటీయే లేదు. అది ఖాతా. బీటలువారిన గోడకు మేకు, మేకుకు దారం, దారానికి నోటు పుస్తకం. చిల్లర లేదంటే, నాకుండదు, మాస్టరు నావైపు చూడకుండానే ఒక గీత గీస్తాడు. ఇంత నమ్మకం ఏ నక్షత్రాల హోటలుకైనా ఉందా?

ఈ సంగతులన్నీ ఊరొచ్చిన మర్నాడే ఆయనకు చెప్పాను. ఋజువుకు బిల్లు కూడా జేబులోంచి తీసి చూపించాను. వడపోత గుడ్డ పిండుతూ శ్రద్ధగా విన్నాడు.

"అయితే మాస్టారూ, ఆ మూడంతస్తుల్లోనూ గారె ఎక్కడా ఎట్టలేదేటి?"

"లేదు."

"పాలు కూడా పొయ్యలేదు?"

"పొయ్యలేదు."

"అయినా నాలుగు వేల ఆరొందలూ అక్కడికక్కడే ఇచ్చేసినారు."

"ఇచ్చేశాను."

గుడ్డ దులిపి మేకుకు తగిలించి, పక్కనున్న నోటు పుస్తకం దారం విప్పాడు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. "మరి మన నాలుగు నెల్ల ఖాతా సంగతేటి మాస్టారూ?"