డెబిట్ కార్డు పర్సులోంచి తీసి ఇంట్లో పెట్టండి

అప్పు చేసి బతక్కూడదు అని మన ఇళ్ళల్లో చిన్నప్పట్నుంచీ వింటూనే పెరిగాం, ఆ మాటంటే నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ అదే మాట పట్టుకుని అమెరికా వచ్చాక కూడా మనలో చాలామంది క్రెడిట్ కార్డంటే అప్పు, డెబిట్ కార్డంటే మన సొంత డబ్బు, కాబట్టి డెబిట్టే భద్రం అనుకుంటున్నారు. నేనూ పదకొండేళ్ళు అలాగే అనుకుని పాల దగ్గర్నుంచి గ్యాస్ (అంటే కారు పెట్రోలు) దాకా అన్నిటికీ డెబిట్ కార్డే గీకాను. దొంగతనం దగ్గరకొచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుందని దెబ్బ తగిలాకే తెలిసింది.

పోయిన చలికాలంలో పిల్లల్ని గుడికి తీసుకెళ్తూ హైవే పక్కన గ్యాస్ స్టేషన్లో ఆగాం, పంపు దగ్గర కార్డు పెట్టి పిన్ కొట్టా. తర్వాతి శనివారం పొద్దున్న చూస్తే ఎవరో ఏటీఎంలో రెండుసార్లు మా డబ్బు తీసేశారు, మొత్తం 1,200 డాలర్లు. కార్డేమో నా పర్సులోనే ఉంది! పంపుకి స్కిమ్మర్ తగిలించి ఉంటారు అన్నారు బ్యాంకువాళ్ళు, అంటే మనం కార్డు పెట్టగానే దాని వివరాలు చదివేసుకునే చిన్న పరికరం, పిన్ కోసం ఎక్కడో బుల్లి కెమెరా కూడా పెడతారట. కార్డు మీదుండే చిప్‌ని కాపీ కొట్టడం కష్టం, ఆ చిప్‌ని చదివే మెషీన్ పెట్టుకోకపోతే మోసం నష్టం దుకాణం మీదే పడుతుందని కార్డు కంపెనీలు 2015 అక్టోబర్లోనే రూలు తెచ్చాయి, గ్యాస్ పంపులకి మాత్రం అది వాయిదాలు పడీ పడీ 2021 ఏప్రిల్‌కి గానీ రాలేదు, అన్నేళ్ళూ పంపులు దొంగలకి అనువుగా ఉండిపోయాయి.

ఆ రోజు మావారు అన్నది ఒకటే, ఎవరితోనూ అనకు, సోమవారం చూద్దాం అని. ఆయన్ని తప్పుపట్టను, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో అనేది మనందరిలో ఉన్న భయమే. కానీ ఇక్కడి చట్టం రోజులు లెక్కపెడుతుంది. డెబిట్ కార్డు పోయినా ఎవరైనా కొట్టేసినా, మనకి తెలిసిన రెండు పనిదినాల్లో బ్యాంకుకి చెప్తే మన మీద పడే నష్టం 50 డాలర్లకి మించదు, ఆలస్యం చేస్తే 500 దాకా వెళ్తుంది. మాకు జరిగినట్టు కార్డు మన దగ్గరే ఉండి వివరాలు మాత్రం దొంగిలిస్తే, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు చెప్పాలి, అది దాటాక పోయేదానికి హద్దే లేదు. అందుకే మధ్యాహ్నం అవ్వకుండానే నేనే ఫోన్ చేసేశా.

డబ్బు తిరిగొచ్చింది, కాదనను. కానీ తొమ్మిది రోజులు పట్టింది, విచారణకి బ్యాంకులకి మామూలుగా 10 పనిదినాలు టైం ఉంటుంది. ఈలోగా పోయింది మా డబ్బు కదా, అద్దె చెక్కు బౌన్స్ అయింది, మా మరిది దగ్గర చేబదులు తీసుకోవాల్సొచ్చింది. అప్పు వద్దని డెబిట్ వాడిన మేము అప్పు చేసింది దానివల్లే. అదే క్రెడిట్ కార్డైతే పోయేది బ్యాంకు డబ్బు. మనం చేయని ఖర్చుకి చట్ట ప్రకారం మన బాధ్యత 50 డాలర్లకి మించదు, చాలా కార్డులు అదీ అడగవు, బిల్లులో తప్పుందని 60 రోజుల్లోపు రాసి పంపితే అది తేలేదాకా ఆ మొత్తం కట్టక్కర్లేదు. అప్పు భయం ఉన్నవాళ్ళు ఆటోపేలో (బిల్లు దానంతటదే కట్టేసే ఏర్పాటు) ఫుల్ బ్యాలెన్స్ పెట్టేసుకోండి, వడ్డీ పడదు. ఫోన్‌తో ట్యాప్ చేస్తే ఇంకా నయం, అసలు కార్డు నంబరు దుకాణం చేతికి వెళ్ళదు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకీ, వచ్చి వెళ్ళే అమ్మానాన్నలకీ ఇంకో సంగతి చెప్పాలి. అక్కడ ఆన్‌లైన్లో కార్డుతో కొంటే మామూలుగా ఓటీపీ అడుగుతుంది, రిజర్వ్ బ్యాంక్ 2009 నుంచీ ఆ రెండో తాళం తప్పనిసరి చేసింది. ఇక్కడ చాలాచోట్ల అడగరు, నంబరూ, తేదీ, వెనకున్న మూడంకెలూ ఉంటే చాలు, కాబట్టి కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించకండి, అన్నయ్యకైనా సరే. ఫ్రాడ్ డిపార్ట్‌మెంట్ అంటూ ఎవరైనా ఫోన్ చేసి మీకొచ్చిన కోడ్ చెప్పమంటే పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకి మీరే చెయ్యండి. మన చేత్తో మనమే జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి ఫోన్లోనే డబ్బు పంపే పద్ధతి) పంపేసిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం.

2017లో ఈక్విఫాక్స్ అనే, మన అప్పుల చరిత్ర దాచే క్రెడిట్ బ్యూరో నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి, ఎస్ఎస్ఎన్‌లతో (సోషల్ సెక్యూరిటీ నంబర్లు) సహా. అందులో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో! ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు బ్యూరోల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ (మన క్రెడిట్ రిపోర్టుకి తాళం) పెట్టుకుంటే మన పేరు మీద కొత్త కార్డు తీయడం కష్టమవుతుంది, 2018 సెప్టెంబర్ నుంచి అది ఫ్రీ. ఉన్న కార్డు మీద జరిగే మోసాన్ని మాత్రం అది ఆపదు, దానికి ప్రతి ఖర్చుకీ మెసేజ్ వచ్చేలా అలర్ట్ పెట్టుకోవాలి.

ఉగాది సంబరాలప్పుడు భోజనాల హాల్ పక్కన నాకో బల్ల ఇవ్వమని సంబరాల కమిటీని అడిగాను. ఫోన్లు తెచ్చుకోండి, ఫ్రీజ్, అలర్టులు అక్కడే పెట్టించేస్తా. ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఎవరికీ చెప్పుకోలేక కూర్చున్నవాళ్ళు ఉంటే ఉగాది దాకా ఆగకండి, ముందు బ్యాంకుకి ఫోన్ చెయ్యండి, ఇవాళే.