మహారాజశ్రీ డీఈహెచ్‌పీ గారికి

మహారాజశ్రీ డై-2-ఇథైల్‌హెక్సైల్ థాలేట్ గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తబరిచే నూనె అయిన తమరి బాష్పపీడనం (ఆవిరి ఒత్తిడి) కొలవబోయి ఇక్కడ ల్యాబులో ఎవరూ క్షేమంగా లేరు. తమరు మాత్రం అన్ని చోట్లా క్షేమంగా ఉన్నారని మొన్నటి బ్లాంకు (తమరిని వేయకుండా చేసే ఉత్త పరీక్ష) చూశాక తెలిసింది.

తమరిని పూసిన గాజు పూసల మీదుగా నైట్రోజన్ పంపిన ట్యూబులో ఒక పీకు, అంటే తమరున్నారని చెప్పే గ్రాఫు శిఖరం. ఏమీ పూయని ఉత్త పూసల ట్యూబులోనూ ఒక పీకు. రెండూ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తమరి ముక్క కనిపించే ద్రవ్యరాశి 149 దగ్గరే, రెండూ దాదాపు ఒకే ఎత్తు. ఇంత న్యాయంగా పంచిపెట్టమని తమరిని ఎవరు అడిగారు?

తమరి దర్శనం అంత సులువుగా దొరికేదైతే ఇంత బాధ ఉండేది కాదు. 25 డిగ్రీల దగ్గర తమరి బాష్పపీడనం పాస్కల్‌లో లక్షో వంతు ప్రాంతం. అణుభారం 390. ఆ లెక్కన పూర్తిగా సంతృప్తమైన వెయ్యి లీటర్ల నైట్రోజన్‌లో తమరు దయచేసేది 1.6 మైక్రోగ్రాములు. నిమిషానికి 50 మిల్లీలీటర్ల చొప్పున ఆ వెయ్యి లీటర్లు పంపడానికి దాదాపు 14 రోజులు. అన్నాళ్లూ వాటర్ బాత్ ఉష్ణోగ్రత కదలకూడదు. ఒక్క డిగ్రీ తేడా వస్తే పీడనం 15 శాతం దాకా మారుతుంది. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను ఆన్ కాని బాత్ ఒకటి చాలు, పక్షం రోజుల పని చెత్తబుట్టకు పోవడానికి.

వేరే దారులు లేవా అంటారేమో. బాష్పపీడనం కొలిచే పద్ధతులు చెప్పే ఓఈసీడీ 104 మార్గదర్శకంలో బోలెడు ఉన్నాయి. నుడ్సెన్ పద్ధతిలో, మంచి వాక్యూమ్‌లో, ఒక చదరపు మిల్లీమీటరు రంధ్రంలోంచి తమరు బయటికి వచ్చేది రోజుకు సుమారు 4 మైక్రోగ్రాములు. ఆ బరువు తగ్గుదలలో తమరి వాటా ఎంతో, తమరిలో మిగిలిపోయిన 2-ఇథైల్‌హెక్సనాల్ వాటా ఎంతో త్రాసుకు తెలియదు. ఆ ఆల్కహాలు బాష్పపీడనం 25 డిగ్రీల దగ్గర 18 పాస్కల్‌ల దరిదాపు. తమరిలో పది లక్షల్లో ఒక వంతు ఉన్నా చాలు, పైనున్న ఆవిరిలో దాని పీడనం తమరి పీడనాన్ని మించిపోతుంది. పోనీ 150 డిగ్రీలకు వేడిచేసి కొలిచి, అక్కడి నుంచి 25కి గీత లాగుదామా? ఎంత దూరం లాగితే వాలులోని తప్పు అంత పెద్దదవుతుంది. పుస్తకాల్లో తమరి విలువల మధ్య పదింతలకు మించిన తేడాలు ఊరికే రాలేదు.

అందుకే గ్యాస్ శాచురేషన్, అంటే నైట్రోజన్‌ను తమరి మీదుగా పంపి, తమరి ఆవిరితో నింపి, ఆ ఆవిరిని పట్టి కొలిచే పద్ధతి. పట్టిన దాన్ని క్రొమటోగ్రాఫ్‌లో విడదీస్తాం కాబట్టి ఆల్కహాలు పీకు దారి ఆల్కహాలుదే, తమరి దారి తమరిదే. తమరిని హెక్సేన్‌లో కలిపి పూసల మీద పోసి, రోటరీ ఎవాపరేటర్‌లో హెక్సేన్ లాగేసి, ఆ పూసలతో కాలమ్ నింపి, మొదటి రాత్రి వచ్చిన గ్యాసును వదిలేసి, ఆ తర్వాతే ఆవిరిని పట్టే టెనాక్స్ ట్యూబు తగిలిస్తాం. బాత్‌కూ టెనాక్స్‌కూ మధ్య గాజు చల్లబడితే తమరు అక్కడే అంటుకుపోతారు. అందుకని ఆ ముక్కను కూడా హెక్సేన్‌తో కడిగి, కడిగిన హెక్సేన్‌ను కూడా లెక్కలో కలుపుతాం. ఇంతా చేస్తే తమరు పిలిచిన ట్యూబులోకి రావడానికి బెట్టు చేసి, పిలవని ట్యూబులో పేరంటాలిలా ముందే కూర్చుంటారు.

ఎక్కడి నుంచి వస్తారో తెలుసు. మెత్తటి పీవీసీలో బరువుకు 30, 40 శాతం దాకా ఉండగల సరుకు తమరు. ఏ రసాయన బంధమూ లేకుండా ఉండేసరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటపడతారు. సిలిండర్ నుంచి వచ్చే గొట్టం, గ్లవ్స్, కేబుళ్లు, ఫ్లోరింగ్, బెంచీ మీది దుమ్ము. గొట్టాలు తీసేసి స్టీలు వేశాం. గాజు సామాను 450 డిగ్రీల ఫర్నేస్‌లో కాల్చి, కాల్చిన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టాం. చివరికి దొరికింది హెక్సేన్‌లో. సీసాలోంచి నేరుగా ఇంజెక్ట్ చేస్తే ఏమీ కనబడదు. 50 మిల్లీలీటర్లను ఒక మిల్లీలీటరుకు ఇంకిస్తే దాంట్లో ఉన్న తమరు కూడా 50 రెట్లు చిక్కబడతారు. బ్లాంకులో సాల్వెంట్‌ను ఇంకించకుండా వేస్తే ఈ దొంగ ఎప్పటికీ దొరకడు.

అది కూడా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఫ్లో పరీక్ష. మూడు వేగాల్లో పంపి, మూడింటా ఒకే పీడనం వస్తే సంతృప్తం అయినట్టు. ఇప్పుడు వేగం పెంచితే విలువ తగ్గుతోంది. కాలమ్ చాలడం లేదా? అలాగైతే వేగం ఎక్కువైనప్పుడు గ్యాసు సరిగ్గా నిండదు, విలువ తగ్గుతుంది. మరి దారిలో ఎక్కడో గంటకు ఇంత చొప్పున తమరు కారుతున్నారనుకోండి. నెమ్మది వేగంలో అదే కారుడు తక్కువ గ్యాసుకు చేరి విలువ పెరుగుతుంది. అప్పుడూ వేగం పెంచితే తగ్గినట్టే కనబడుతుంది! రెండు జబ్బులకూ ఒకటే లక్షణం. ఒక దానికి కాలమ్ పొడవు పెంచాలి, ఇంకోదానికి గొట్టం మార్చాలి. మూడు బిందువులతో ఏది ఏదో చెప్పలేం. గీత నెమ్మది వైపు చదునైతే కాలమ్ తప్పు, వేగం వైపు చదునైతే కారుడు. అది చూడాలంటే ఇంకా రెండు వేగాలు కావాలి. ప్రతి వేగానికీ అంతే కాలం ఉత్త పూసల బ్లాంకు కావాలి. నీ మొహానికి ఒక్క సంఖ్య కోసం నెలలు ధారపోయాలా? నువ్వేమైనా ముత్యానివా, వజ్రానివా? గొట్టాలను, చెప్పులను మెత్తగా చేసే నూనెవి!

సరే, గౌరవం తప్పింది. మన్నించాలి. నిజం చెప్పాలంటే, తమరంత కదలని పదార్థం ఇంత బాగా ఊరంతా తిరుగుతుందంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, వేరే వాళ్ల ల్యాబులో అయితే.

ఇక పూసల మీద తమరిని పూయం. తమరి బెంజీన్ వలయంలో నాలుగు హైడ్రోజన్లు తీసి డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టిన డీ4 గారికి కబురు పంపాం. ఆయన గ్లవ్స్‌లో ఉండరు, హెక్సేన్‌లో ఉండరు, 149 వదిలేసి 153 దగ్గర కనిపిస్తారు. ఆ నాలుగు డ్యుటీరియంల వల్ల పీడనంలో వచ్చే తేడా మిగతా తప్పుల ముందు లెక్కలోకి రాదు. అయితే ఆయన్ని మిల్లీగ్రాముల లెక్కన అమ్ముతారు, మాకేమో కాలమ్ పూయడానికి పదుల మిల్లీగ్రాములు కావాలి. పైగా ఇన్నాళ్లూ ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (పోలిక కోసం తెలిసిన మోతాదులో కలిపే పదార్థంగా) వాడింది ఆయన్నే. ఇప్పుడు ఆ కుర్చీకి మరొకరిని వెతకాలి. కొటేషన్ పర్చేజ్ వాళ్ల దగ్గరుంది, అంకె చూసి ఇంకా ఫోన్ చేయలేదు.

ఇట్లు,
తమరి బ్లాంకులు కడిగే విధేయులు