మొదటి కథ ఎవరిదో తేలేవరకు రెండో కథ చదవరాదు

తెలుగులో మొదటి కథ ఏదన్న విషయం మీద గోదావరి జిల్లాల్లో ఇంకా రాజీ కుదరలేదు. గురజాడవారి 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరిలో బందరు 'ఆంధ్రభారతి'లో అచ్చయింది కాబట్టి అదేనని ఒక పక్షం. భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి'లో వచ్చింది కదా, ఎనిమిదేళ్ల ముందుదాన్ని వెనక్కి నెడతారేం అని రెండో పక్షం. అంతకుముందువి కూడా ఉన్నాయని మూడో పక్షం. వీళ్లకి సాధారణంగా భోజనాల తర్వాతే మైకు ఇస్తారు. ఇంత ముఖ్యమైన సంగతి తేలకుండానే కొందరు ఆ కాలపు పత్రికలు వెతికి కథలు చదివేస్తున్నారని వినికిడి. దీన్ని వెంటనే అరికట్టాలి. సర్వే నంబరు తేలని చేలో ఎవరైనా నాట్లు వేస్తారా?

అందుచేత నేను చేస్తున్న ప్రతిపాదన ఒక్కటే. మొదటి కథ ఏదో పెద్దలు తేల్చేదాకా రెండోది మొదలు 1947 ఆగస్టు దాకా పత్రికల్లో వచ్చిన ఏ కథనీ మన డెల్టాలో ఎవరూ చదవకూడదు. కష్టమేమీ కాదు. ఎక్కువమంది ఇప్పటికే పాటిస్తున్నారు. నేను కోరేదల్లా దీన్ని ఒక తీర్మానంగా రాసుకోమనే.

ఎంత నిష్ఠగా పాటిస్తున్నారో మొన్నొక సభలో కళ్లారా చూశాను. ఊరు చెప్పను, వాళ్లు పెట్టిన పులిహోర బాగుంది. ముఖ్య అతిథిగారు 'దిద్దుబాటు' గురించి ముప్పావుగంట మాట్లాడారు. సానిమేళాలు మరిగిన భర్తకి బుద్ధి చెప్పడానికి కమలిని ఉత్తరం రాసిపెట్టి పుట్టింటికి వెళ్లిపోయిందనీ, ఆ కాలంలో అది ఎంతటి తెగువో అనీ గొంతు జీరబోయేలా చెప్పారు. ముందు వరసలో ఉన్న రిటైరైన టీచరమ్మ ఆగలేకపోయింది.

"ఎక్కడికీ పోలేదండీ. మంచం కిందే ఉంది."

నిర్వాహకుడు లేచి, "అమ్మా, ప్రశ్నలన్నీ ఆఖర్న అండీ" అన్నాడు.

"ప్రశ్న కాదు నాయనా, మంచం కింద నవ్వుతోంది. గాజుల చప్పుడు కూడా అవుతుంది."

"ఆయ్, అలాగేనండీ, మీక్కూడా శాలువా ఉందండీ" అని ఆవిడని కూర్చోబెట్టేశారు. ముఖ్య అతిథిగారు కమలినిని పుట్టింట్లోనే ఉంచి ప్రసంగం ముగించారు. నాలుగు పేజీల కథ అది. చివరిదాకా చదివితే ఇంత గంభీరమైన ఉపన్యాసం పాడైపోయి ఉండేది.

ఈ తగువులో మన వాటా ఎంత అని అడిగేవాళ్లూ ఉన్నారు. గురజాడవారిది విజయనగరం. అచ్చమాంబగారు పుట్టింది అప్పటి కృష్ణా జిల్లాలో, కాపురం చేసింది మధ్యపరగణాల్లో. ఇద్దర్లో ఒకరూ మన కాలవ నీళ్లు తాగినవాళ్లు కాదు. అయినా 'హిందూసుందరి' పుట్టింది ఏలూరులో, తర్వాత చేరింది కాకినాడకి. కథ ఎవరిదైనా పోస్టాఫీసు ముద్ర మనది. జ్ఞాపిక మీద వేయించుకోవడానికి ఈపాటి హక్కు చాలు.

చదవడం వల్ల వచ్చే అనర్థాలు కూడా చూడండి. ఆనాటి మహిళలంతా వీరేశలింగంగారి వెనక ఒక్క తాటి మీద నడిచారని మనం ప్రతి మార్చి ఎనిమిదికీ చెప్పుకుంటున్నాం కదా. పాత సంచికలు తిరగేస్తే అదే కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు 'సావిత్రి' అనే పత్రిక పెట్టి వితంతు వివాహాల విషయంలో పంతులుగారిని ఎదుర్కొన్న సంగతి బయటపడుతుంది. ఆడవాళ్లు, సొంత పత్రిక, అదీ సంస్కర్తకి ఎదురు! దీన్ని ఏ ఫ్లెక్సీ మీద ఎటు వేయిస్తారు? తెలియకపోవడమే క్షేమం.

కాటన్ దొర విషయమూ అంతే. ఊరూరా విగ్రహం పెట్టి దండ వేస్తున్నాం, వేయాల్సిందే. కానీ ఆ కథలు చదివితే ఇంకో లెక్క తేలుతుంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలు పారాయి, వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బు కొడుకుల్ని రాజమండ్రి, కాకినాడ కాలేజీలకి పంపింది. పెళ్లి బేరాల్ని పెంచింది, దాయాదుల్ని కోర్టుకెక్కించింది, భోగం మేళాలకి బయానాలిచ్చింది. కథలు రాసినవాళ్లకి ఇంతకన్నా ముడిసరుకు ఏం కావాలి? ఇంగ్లీషు చదివిన మొగుడు, అక్షరాలు నేర్చుకుంటున్న పెళ్లాం, చాటుగా ఏడ్చే వితంతు ఆడపడుచు, చావుకి దగ్గర పడినా పెళ్లికి తొందరపడే ముసలి వరుడు, అందరూ కాలవగట్టునే దొరికారు. విగ్రహం కింది ఫలకం మీద "కథాసాహిత్య ప్రదాత" అని కూడా చెక్కించాల్సి వస్తుంది. ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

నిజం చెప్పొద్దూ, ఆ కథల్లో చాలావాటికి పస తక్కువ. మూడో పేరాలో ప్రేమ పుడుతుంది, ఐదో పేరాలో కలరా వస్తుంది. చివర్న "కాబట్టి చదువరులారా" అంటూ రచయిత స్వయంగా వచ్చి నీతి అప్పజెప్పి వెళ్తాడు. కాస్త తర్వాతి కాలానికి వస్తే, పక్క పేజీలో ప్రకటనలు ఇంకో కథ నడుపుతుంటాయి. 'భారతి' పెట్టిన నాగేశ్వరరావు పంతులుగారిదే అమృతాంజనం. 1928లో 'గృహలక్ష్మి' పెట్టిన కేసరిగారిదే లోధ్ర అనే మందు. కథానాయిక ఇటు మంచంపట్టి క్షీణిస్తుంటుంది, అటు పేజీలో ఆడవాళ్ల సకల రుగ్మతలకీ మందు అమ్ముతుంటారు. చెయ్యి చాస్తే అందే దూరం. అయినా పాపం ఒక్క నాయికా కోలుకోదు.

వీటన్నిటికన్నా కన్నీరు పెట్టించే రచన మాత్రం "చందాదారులకు మనవి". బకాయిలు పంపమనీ, వీపీ (డబ్బు కట్టి విడిపించుకునే పోస్టు) కట్టి పంపితే తిప్పికొట్టవద్దనీ, కాగితం ధర పెరిగిందనీ సంపాదకులు రాసుకున్న ఆ నాలుగు వాక్యాల్లో ఉన్న ఆర్తి ఏ విషాదాంత కథలోనూ కనబడదు. పత్రిక వచ్చిన ప్రతి ఇంట్లో నలుగురు చదివేవారు, పక్కింటివాళ్లు అడిగి పట్టుకెళ్లేవారు. డబ్బు కట్టింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఇది కూడా పరిశోధించదగిన "మొదటి" సమస్యే.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి దగ్గర మాత్రం నా ప్రతిపాదనకి చిక్కొచ్చిపడింది. 1891లో పొలమూరులో పుట్టి, రాజమండ్రిలో 'ప్రబుద్ధాంధ్ర' నడిపి, కథ మీద కథ రాసిన మనిషి. ఆయన కథల్లో ఆడవాళ్లు మాట్లాడటం మొదలుపెడితే కథకుడికే సందు దొరకదు. ఒక్కసారి పట్టుకుంటే వంట మాడిపోయినా లేవలేం. ఈయన్ని నిషేధించడం ఎలాగో నాకు తోచలేదు. ప్రస్తుతానికి ఆయన పేరు మీద పురస్కారం ఒకటి పెట్టి ఊరుకుంటే సరి. పురస్కారం పెట్టాక ఇక ఎవరు చదువుతారు?

అక్షరం వదలకుండా చదివినవాళ్లు ఆ కాలంలో ఒకరున్నారు. 'దిద్దుబాటు' వచ్చిన 1910లోనే తెల్లదొరలు ప్రెస్ చట్టం తెచ్చి, కొత్తగా అచ్చాఫీసు పెట్టేవాళ్ల దగ్గర 500 నుంచి 2000 రూపాయల దాకా ధరావతు కట్టించుకునే అధికారం పుచ్చుకున్నారు. దేశభాషా పత్రికల్లో ఏముందో చదివి, ఇంగ్లీషులో సారాంశం రాసి దొరలకి సమర్పించడానికి సర్కారు తర్జుమాదార్లు ఉండేవారు. జీతం పుచ్చుకునైనా చదివారు. మన విమర్శకులకి ఆ జీతమూ లేదు, ఆ భయమూ లేదు.

ఇక ఉల్లంఘనల సంగతి. అమలాపురం దగ్గర ఒక పెద్దమనిషి పట్టుబడ్డాడు. వాళ్ల తాతగారి అటక దులుపుతుంటే అట్టలు ఊడిపోయిన బైండు ఒకటి దొరికిందట. వారసుల్లో ఇంకెవరూ వాటా అడగలేదు కాబట్టి తనే చదివేశాడు. అందులో ఒక అపరాధ పరిశోధక కథ. జమీందారు హత్య, తాళం వేసిన గది, ఊళ్లో అందరి మీదా అనుమానం. సరిగ్గా పరిశోధకుడు నోరు తెరవబోతుండగా "సశేషం". తర్వాతి సంచిక బైండులో లేదు. చెదలు తిన్నాయో, చందా బకాయి పడి పత్రికవాళ్లే పంపలేదో. అప్పట్నించి ఆయన పెళ్లిళ్లకి వెళ్లినా, కార్యాలకి వెళ్లినా, "బాబాయ్, మీ అటక మీద పాత పత్రికలేమైనా ఉన్నాయా?" అని అడుగుతున్నాడు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి వచ్చాడట, వేటపాలెం గ్రంథాలయానికి కూడా వెళ్తానంటున్నాడు. ఆయనకి ఏ శిక్ష వెయ్యాలో మన సాహిత్య సంఘం తేల్చాలి. విచారణ నిమిత్తం ఆ బైండు నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ కథలో జమీందారు గుమాస్తా మీద నాకు మొదట్నించీ అనుమానంగానే ఉంది. తర్వాతి సంచిక ఎవరి దగ్గరైనా ఉంటే సంఘానికి చెప్పకుండా ముందు నాకు పంపండి, పోస్టు ఖర్చులు నేనే పెట్టుకుంటాను.