పాత నిబంధనను పక్కనపెట్టి సువార్త నేర్పలేము

చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన క్రైస్తవ కుటుంబాలు పిల్లలకు బైబిలు నేర్పుతున్న తీరు నన్ను కలవరపెడుతోంది. పాత నిబంధన నుంచి దావీదు, గొల్యాతు కథో, సింహాల గుహలోని దానియేలు కథో చెప్పి, విశ్వాసం దగ్గరికి వచ్చేసరికి నేరుగా మత్తయి సువార్త తెరుస్తున్నాము. అలా పెరిగిన పిల్లల మనసులో కోపించే దేవుడొకడు, క్షమించే దేవుడొకడు అన్న భావన నాటుకుంటుంది. రెండో శతాబ్దంలో మార్కియోను అనే బోధకుడు దాదాపు ఇదే బోధించగా రోమా సంఘం అతణ్ణి వెలివేసింది.

మన పెద్దలు నేర్చుకున్నది ఇది కాదు. చిత్తూరు ప్రాంతంలో సంఘాలను స్థాపించిన ఆర్కాటు మిషన్‌ను 1853లో ఏర్పరచిన స్కడర్ సోదరులు అమెరికాలోని డచ్ రిఫార్మ్‌డ్ సంఘానికి చెందినవారు. ఆ సంఘం ప్రమాణంగా స్వీకరించిన 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, దేవుడు సువార్తను మొదట ఏదెనులోనే తెలియజేశాడని, పితరుల చేత, ప్రవక్తల చేత ప్రకటింపజేశాడని, బలులలో ఛాయగా చూపి చివరకు తన కుమారునిలో నెరవేర్చాడని 19వ ప్రశ్నకు జవాబుగా చెబుతుంది.

పూర్వం నిబంధన, అంటే ఒప్పందం, చేసుకునేవారు ఖండించిన పశువుల నడుమ నడిచేవారు. ఆదికాండము 15వ అధ్యాయంలో దేవుడు నిబంధన చేసినప్పుడు అబ్రాహాము అలా నడవలేదు. దేవుని సన్నిధికి గుర్తుగా పొగ లేచే కొలిమి, మండే దివిటీ మాత్రమే సాగిపోయాయి. నిబంధన భారాన్ని దేవుడే తన మీద వేసుకున్నాడని దాని అర్థం. 430 ఏళ్ల తర్వాత మోషే ద్వారా వచ్చిన ధర్మశాస్త్రం అబ్రాహాముకు ఇచ్చిన ఆ వాగ్దానాన్ని కొట్టివేయదని పౌలు గలతీయులకు రాశాడు. పదహారో శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ అందుకే రెండు నిబంధనల సారం ఒక్కటేనని, నిర్వహణలో మాత్రమే భేదముందని వివరించాడు.

యిర్మీయా 31వ అధ్యాయం, హెబ్రీ పత్రిక 8వ అధ్యాయం కొత్త నిబంధన గురించే కదా చెబుతున్నాయని, అలాగైతే పాతది చెల్లిపోయినట్టే కదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పాతగిలిపోయింది మోషే కాలంలో సీనాయి కొండ దగ్గర ఏర్పడిన యాజకత్వము, బలులతో కూడిన ఏర్పాటు. నేను వారికి దేవుడనై ఉంటానన్న మాట మాత్రం అబ్రాహాముతో పలికినదే, యిర్మీయా నోట మళ్లీ వినిపించింది. నిబంధన ఒక్కటేనన్న నమ్మకంతోనే మనం శిశువులకు బాప్తిస్మం ఇస్తాము; ఆ విషయంలో బాప్టిస్టు సోదరులు మనతో ఏకీభవించరు. అయినా ఆదికాండము నుంచి ప్రకటన గ్రంథం వరకు రక్షకుడు ఒక్కడేనన్న దాంట్లో వారికీ మనకూ తేడా లేదు.

మన సండే స్కూళ్లలో ఆదికాండము 12, 15, 17 అధ్యాయాలను గలతీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంతో కలిపి, వారాల తరబడి, తొందరపడకుండా చదివించాలని, ఆ తరగతిలో పిల్లలతోపాటు తల్లిదండ్రులూ కూర్చోవాలని కోరుతున్నాను.