రోజు విడిచి రోజు వేసుకుంటే మందు మానినట్టా?

ఇప్పుడే ఒక రీలు కంటబడింది. నిమిషంన్నర. డిప్రెషన్ మాత్రలు మానడం మహా తేలికట. రోజు విడిచి రోజు వేసుకుంటే రెండు వారాల్లో పీడ విరగడైపోతుందట. కింద దండాలే దండాలు. ఒక మహానుభావుడైతే "పొద్దున్నే లేచి గంట నడవండి, అన్నీ అవే పోతాయి" అని సెలవిచ్చారు. లేచి పళ్ళు తోముకోవడానికే ఒళ్ళు సహకరించని మనిషికి గంట నడకా! పది నిమిషాలు చెప్పండి, అదీ గడియారం చూసుకుని, మనసు బాగున్నా బాగోకున్నా ఆ టైముకే చెయ్యమని చెప్పండి. దాన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు, నిజంగానే పనిచేస్తుంది. కానీ అలా చెబితే రీలుకి ఊపు రాదుగా.

సరే, అసలు విషయానికి వద్దాం. పెరాక్సెటీన్ అనే డిప్రెషన్ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి ఒక రోజు కూడా పట్టదు, దాదాపు 21 గంటలు. వెన్లాఫాక్సిన్ అనే ఇంకో మందుకి 5 గంటలే, దాన్నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థానికి 11. అలాంటి మందుని 48 గంటలకోసారి వేసుకుంటే ఏమవుతుంది? ఒక రోజు ఎక్కుతుంది, మర్నాడు అడుగంటుతుంది. మానడం కాదిది, రోజు మార్చి రోజు విత్‌డ్రాయల్‌ని, అంటే మందు తగ్గినందుకు ఒళ్ళు చేసే గొడవని, పిలిచి పీట వెయ్యడం. ఫ్లూయాక్సెటీన్ అనే మందు ఒక్కదాని సంగతి వేరు. అది వారాల తరబడి ఒంట్లో ఉంటుంది కాబట్టి ఒక రోజు తప్పినా పెద్దగా తెలియదు. దాన్ని సుఖంగా మానినవాళ్ళే మిగతా అందరికీ సలహాదారులు. అదీ మన ఖర్మ.

ఇంకా ఒళ్ళు మండేది ఆ తర్వాతి ఘట్టం. మానిన మూడో రోజుకి కళ్ళు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టుంటుంది, పిచ్చి పిచ్చి కలలు, తల పక్కకి తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే "చూశారా, జబ్బు తిరగబెట్టింది, జీవితాంతం వాడాల్సిందే." డిప్రెషన్‌లో తలలో కరెంటు ఎక్కడ కొడుతుందండీ? సాధారణంగా రోజుల్లో మొదలై, మందు మళ్ళీ వేసుకోగానే తగ్గిపోతే అది విత్‌డ్రాయల్. వారాలు, నెలలు గడిచాక నిద్ర, ఆకలి, ఇష్టం ఒక్కొక్కటే జారిపోతూ వస్తే అది జబ్బు. ఈ తేడా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలే ఉండవు వాళ్ళకి.

"మీ మెదడులో సెరటోనిన్ (మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం) తక్కువైంది" అని చెప్పడానికి మాత్రం ఎప్పుడూ టైముంటుంది! ఎవరికైనా కొలిచి చెప్పారా ఎప్పుడైనా? 2022లో బ్రిటన్ సైకియాట్రిస్టు జొవానా మాంక్రీఫ్ బృందం దశాబ్దాల పరిశోధనలన్నీ తిరగేసి, డిప్రెషన్‌కి సెరటోనిన్ తగ్గడమే కారణం అనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. అలాగని "మందులన్నీ బూటకం" బ్యాచ్ చంకలు గుద్దుకోనక్కర్లేదు. 2018లో సిప్రియానీ బృందం 522 ట్రయల్స్ కలిపి చూస్తే 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. తేడా ఓ మోస్తరే, కానీ ఉంది. 2021లో బ్రిటన్‌లో, ఏళ్ళ తరబడి వాడుతూ బాగున్నవాళ్ళని ఏడాది పాటు గమనిస్తే, మానినవాళ్ళలో 56 శాతానికి తిరగబెట్టింది, వాడుతూ ఉన్నవాళ్ళలో 39 శాతానికి. రెండు అంకెలూ చదవండి. ఎవరికి నచ్చింది వాళ్ళు ఒక్కటే చదువుతారు.

మానాలనుకుంటే లెక్క ఇదీ. సిటాలోప్రామ్ అనే మందు 60 మిల్లీగ్రాముల దగ్గర మెదడులో దాని పట్టు, అంటే సెరటోనిన్‌ని వెనక్కి లాగేసే ద్వారాల్లో అది మూసేసేవి, సుమారు 88 శాతం. 20 దగ్గర 80. 9 దగ్గర 70. ఐదున్నర దగ్గర కూడా 60! అంటే 60 నుంచి 20కి దిగినా పోయేది 8 శాతమే, ఆఖరి 5 మిల్లీగ్రాములు మానేస్తే మేడ మీంచి దూకినట్టే. అందుకే "20, 10, 5, బంద్" అని రాసిచ్చిన చీటీ చివరి మెట్టు దగ్గర మనిషిని పడేస్తుంది. ప్రతిసారీ అప్పుడున్న డోసులో పదో వంతో, పావు వంతో తగ్గించి, రెండు నుంచి నాలుగు వారాలు ఆగి, ఒళ్ళు కుదుటపడ్డాకే తర్వాతి మెట్టు. కుదరకపోతే వెనకటి మెట్టుకి వెళ్ళాలి, అందులో సిగ్గేమీ లేదు. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రల్ని విరిచి, నూరి వేసుకోకూడదు, మందంతా ఒక్కసారే దిగిపోతుంది. పూర్తిగా కోలుకుని కనీసం ఆరు నెలలు కాకుండా ఈ పని మొదలెట్టొద్దు, అదీ మందు రాసినవాళ్ళకి చెప్పే. డోసు మార్చిన తొలి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ళ లోపు వాళ్ళలో, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా కాదు.

బిళ్ళని ఎంత నేర్పుగా కోసినా పావు కంటే చిన్న ముక్క సరిగ్గా రాదు. కాబట్టి చివరి మెట్లకి ద్రవరూపంలో మందు కావాలి, సీసా మీద ఒక మిల్లీలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూసుకుని సిరంజితో కొలుచుకోవాలి. అది అడిగి చూడండి. "ఇంత తక్కువ డోసు దేనికండీ, అసలు పనే చెయ్యదు" అంటారు. పని చెయ్యని మందు మానితే తలెందుకు తిరుగుతోందో మరి!