అందరికీ సరిపోయే కవచం

నిన్న ఆదివారం ఇంగ్లండులో ఓ పాత కోట చూడ్డానికి వెళ్లాం. లోపల ఓ బల్ల, దాని మీద కవచాలు, తొడుక్కుని ఫొటో దిగొచ్చట. మావాడు సిగ్గుపడ్డాడు. నాకా గుణం లేదు. అయిదు నిమిషాల్లో ముందో ఉక్కు పలక, వెనకో ఉక్కు పలక, నడుమ నేను.

"ఇది అందరికీ సరిపోతుంది" అని పట్టీలు బిగించి, బల్ల దగ్గరి కుర్రాడు టీ తాగడానికి వెళ్లిపోయాడు.

అందరికీ సరిపోయేది గొడుగొక్కటే నాయనా! 15వ శతాబ్దంలో ఇటలీలోని మిలాన్ పనివాళ్లు చేసిన మంచి కవచంలో ఛాతీ పలక మనిషి వంగే చోటే, నడుం దగ్గరే, ఆగిపోతుంది. దాని కింద ఒకదాని మీదొకటి జారే రేకులు. అందుకే ఒంటి మీద 20, 25 కిలోల ఉక్కున్నా వాళ్లు గుర్రాలెక్కారు, దిగారు. బూసికో అనే ఫ్రెంచి వీరుడు పిల్లిమొగ్గలు కూడా వేశాడట. నాకు తొడిగింది మాత్రం తొడల దాకా దిగిన నూనె డబ్బా.

అప్పుడు మోగింది ఫోను. చొక్కా జేబులో. చొక్కా కవచం లోపల.

వైబ్రేషన్‌లో ఉన్న ఫోను ఉక్కుకు ఆనితే ఎలా ఉంటుందో తెలుసా? ఇత్తడి బిందెలో తుమ్మెద పడ్డట్టు. హాల్లో అందరూ నా రొమ్ము వైపే చూశారు. అమ్మే అయ్యుంటుంది, ఎత్తేదాకా వదలదు. మెడ దగ్గర చెయ్యి పెడితే రెండు వేళ్లే దూరాయి. పట్టీలేమో చంకల కింద, చెయ్యి అందని చోట. కర్ణుడు కవచం కోసి ఇచ్చేశాడంటే దానగుణమనుకున్నాను ఇన్నాళ్లూ.

"వంగండి, అదే జారి పడుతుంది" అంది మా ఆవిడ.

వంగాను. పలక కింది అంచు తొడల మీద ఆనింది. ఆనాక అది పోయేదెక్కడికి? పైకే. పై అంచు వచ్చి గడ్డం కింద కూర్చుంది. తల దానంతటదే వెనక్కి లేచింది. కోట కప్పు కనబడింది. దూలాలు బాగానే ఉన్నాయి, తీరిగ్గా చూశాను. నడుం కిందికి, మొహం ఆకాశానికి, అచ్చం ఎండలో తాబేలు. ఎవరో పెద్దాయన ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టాడు.

ఫోను జారిన మాట నిజమే, పొట్ట దాకా. అక్కడ ఇరుక్కుంది. 1540లో ఎనిమిదో హెన్రీకి చేసిన కవచం నడుం చుట్టుకొలత 50 అంగుళాలు దాటుతుంది. రాజుగారి పొట్టను అడిగి చేశారు. నా పొట్టను అడిగిందెవరు?

మోత ఆగింది. హమ్మయ్య అనుకునేలోగా మా ఆవిడ ఫోను మోగింది, వీడియో కాల్. ఆవిడ ఎత్తి, కిక్కురుమనకుండా నావైపు తిప్పింది.

అమ్మ కాసేపు కళ్లు చికిలించి చూసింది.

"అయ్యో, ఎప్పుడు పడ్డావురా? ఆ కట్టు ఎప్పుడు విప్పుతారట?"

కుర్రాడి టీ ఇంకా అవలేదు.