గురి సిస్టమ్ కొనేముందు ఒక స్ట్రెయిట్ షాట్ కొట్టి చూడండి

నిన్న రాత్రి నెల్లూరులో మేము ఆడే పూల్ పార్లర్‌కి పోతే మా పిన్ని కొడుకు క్యూ (బాల్స్ కొట్టే కర్ర) పక్కన పెట్టి దిగాలుగా కూర్చుని ఉన్నాడు. ఏందిరా అంటే, ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మే గురి కోర్సుకు మూడు వేలు కట్టాడంట. "రెండు వారాల నుంచి అదే చూసి ఆడతన్నా, ముందు పడే బాల్స్ కూడా పడట్లేదన్నా" అన్నాడు. చదువుకుంటూ సాయంత్రాలు షాపులో పనిచేసే పిల్లోడు, వాడికి మూడు వేలంటే ఎంతో నాకు తెలుసు. కోపం వచ్చింది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

గురి సిస్టమ్‌లు, అంటే బాల్‌ని ఎక్కడ తాకించాలో చెప్పే పద్ధతులు, అన్నీ మోసం అని నేను అనను. ఘోస్ట్ బాల్ సంగతే తీసుకోండి. పాకెట్ లైన్‌లో, కలర్ బాల్‌ని వెనక ఆనుకుని కనపడని వైట్ (క్యూతో మనం కొట్టే తెల్ల బాల్) ఒకటి ఉందనుకుని, మన వైట్‌ని ఆ చోటికి పంపడం. లెక్క వందకు వంద కరెక్టు. చిక్కల్లా ఏందంటే లేనిదాన్ని చూడాలి, దాని సెంటర్ కలర్ బాల్ సెంటర్‌కి ఒక బాల్ వెడల్పు, అంటే 57 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. కొత్తవాళ్లు అంత దూరం పోకుండా, రెండు బాల్స్ తాకే పాయింట్‌కే వైట్ సెంటర్‌ని గురిపెడతారు, ప్రతి కట్ షాట్ (కలర్ బాల్‌ని కోణంలో పక్కకు పంపే షాట్) థిక్‌గా, అంటే కావాల్సినదానికంటే నిండుగా తగులుతుంది. క్యారమ్స్ ఆడి వచ్చినవాళ్లకు ఇంకో ఇబ్బంది, అక్కడ స్ట్రైకర్ కాయిన్ కంటే పెద్దది, ఆ అలవాటుతో ఉన్న కంటికి ఇక్కడ రెండూ ఒకే సైజు అని ఒప్పుకోవడానికే కొన్ని వారాలు పడుతుంది.

నాకు బాగా పనికొచ్చింది భాగాల పద్ధతి. వైట్ సెంటర్‌ని కలర్ బాల్ అంచుకు పెడితే సగం బాల్, 30 డిగ్రీల కట్. గురి లైన్‌లో చూస్తే వైట్ కలర్ బాల్‌ని ముప్పావు కప్పితే సుమారు 14న్నర, పావు కప్పితే 48న్నర దాటుతుంది. అంచు కంటికి కనిపిస్తుంది కాబట్టి సగం బాల్ షాట్ ఎవరైనా తొందరగా పట్టుకోవచ్చు. కానీ 30కీ 48కీ మధ్య ఉన్న 18 డిగ్రీల సంగతేంది? కార్నర్ పాకెట్ నోరు సుమారు 12 సెంటీమీటర్లు, బాల్ దాంట్లో సగానికి కాస్త తక్కువ. మీటరు దూరంలో ఉన్న బాల్‌కి పాకెట్ ఇచ్చే వెసులుబాటు అటూ ఇటూ కలిపి మూడున్నర డిగ్రీలు, అంతే. అంటే భాగాల పద్ధతి మిమ్మల్ని వీధి చివరి దాకా తీసుకుపోతుంది, ఇల్లు వెతుక్కోవాల్సింది మీ కన్నే.

మా వాడు కొన్నది సెంటర్ టు ఎడ్జ్ రకం, హాల్ హౌల్ అనే అమెరికన్ పేరుతో ముడిపడినది. రెండు బాల్స్ మధ్య రెండు లైన్లు చూసి, క్యూని కొంచెం పక్కనుంచి సెంటర్‌కి తిప్పాలి. అట్టా చేస్తే ఏ కోణమైనా దానంతట అదే పడుతుందని కోర్సు అమ్మినాయన చెప్పాడంట. ఇదే నాకు మింగుడుపడదు. లైన్లు చూస్తే నాలుగైదు, టేబుల్ మీద కోణాలు లెక్కలేనన్ని, ఆ తేడాని ఎవరో పూడ్చాలి కదా. తెలియకుండా కన్నే పూడుస్తుంది. దాంతో బాగా ఆడేవాళ్లు ఉన్నారు, ఒప్పుకుంటా, ప్రతిసారి ఒకే తీరుగా నిలబడి ఒకే వరుసలో చూసి వంగడం వల్ల వాళ్లకు నిలకడ వస్తుంది. అది మంచిదే. ఆ మాట చెప్పి అమ్మితే నాకు కోపమే లేదు.

అసలు మా వాడి జబ్బు గురిలో లేదు. వైట్‌కీ కలర్ బాల్‌కీ మీటరు దూరం పెట్టి, పాకెట్‌కి నేరుగా ఒకే లైన్‌లో స్టాప్ షాట్ (కలర్ బాల్‌ని తాకి వైట్ అక్కడే ఆగిపోయే షాట్) కొట్టమన్నా. వైట్ ఆగింది, కానీ ఆగినచోట బొంగరంలా తిరిగింది. అంటే సెంటర్‌లో కొట్టాననుకుంటున్నాడు, టిప్ (క్యూ కొస) పక్కకు తగులుతోంది. ఆ దూరంలో వైట్ ఒక్క డిగ్రీ పక్కకు పోతే కలర్ బాల్ దాదాపు 17 డిగ్రీలు తప్పుతుంది. ఒక్క డిగ్రీకి! స్ట్రోక్ ఇట్టా ఉన్నవాడికి ఏ సిస్టమ్ అమ్మినా అది అన్యాయమే.

ఇంకోటి, థ్రో. బాల్స్ రెండూ రాసుకున్నప్పుడు కలర్ బాల్ కొంచెం వైట్ పోయేవైపుకు లాగబడుతుంది, గురి కరెక్టుగా ఉన్నా థిక్‌గా మిస్సవుతుంది. మెల్లగా కొట్టే స్టన్ షాట్లలో (వైట్ దొర్లకుండా జారుతూ పోయి తగిలేవి) ఎక్కువ, బాల్స్ మురికిగా ఉంటే ఇంకా ఎక్కువ. పార్లర్ల వాళ్లకు దండం పెట్టి చెప్తున్నా, రోజుకొక్కసారి బాల్స్ తుడిపించండి.

సిస్టమ్‌ని పరీక్షించాలంటే ఫైల్ పేపర్ల చిల్లులకు అంటించే గుండ్రటి స్టిక్కర్లు తెచ్చి రెండు బాల్స్ చోట్లు గుర్తుపెట్టండి. ఒకే షాట్ ఇరవై సార్లు. ఎన్ని పడ్డాయన్నది తర్వాత, మిస్సయినవి థిక్ వైపా, థిన్ (కావాల్సినదానికంటే అంచుకు తగిలినవి) వైపా రాయండి. అన్నీ ఒకే వైపు అయితే గురి మార్చుకోవాలి. రెండు వైపులా చెదిరితే స్ట్రోక్ చూసుకోవాలి, కొత్త కోర్సు కొనకండి తమ్ముళ్లూ.

ఆదివారం పొద్దున పదింటికి మా వాడితో సగం బాల్ షాట్ దగ్గర మొదలుపెడుతున్నా. స్టిక్కర్లు, నోట్‌బుక్ నేనే తెస్తా. ఒంగోలు, కావలి నుంచి వచ్చేవాళ్లు ముందురోజే మెసేజ్ పెట్టండి, రెండో టేబుల్ కూడా పట్టి పెడతా.